విరిగిన మందు

“ఏడిస్తే ఏడవనీవే. ఏడ్చే పిల్లకి గుండెబలం. ముందు ఆ గంజి వంచు. అన్నం ముద్దయితే కల్లంలో మన పరువు పోద్ది.”

బసవమ్మ ఆ మాట అనేటప్పటికి కోడలు బిందుమాధవి రెండు మసిగుడ్డలతో పెద్ద డేగిసా అంచులు పట్టుకుని వంచుతోంది. అత్తగారి మాట చెవికి వినపడింది. నడవలో ఉయ్యాల్లోంచి వస్తున్న పిల్ల ఏడుపు మాత్రం రొమ్ముకి వినపడింది. ఒక్కసారిగా రెండు పక్కలా పాలు చేపుకొచ్చి జాకెట్టు తడిసిపోయింది. పైట రెండు మడతలేసి మోచేత్తో అదుముకుని, గంజి పూర్తిగా కారేదాకా కదలకుండా నిలబడింది. ఆ తర్వాత పులుసు దించాలి, పప్పు ఎనపాలి, మిరపకోత ముఠాకి అన్నం బళ్ళోకి ఎక్కించాలి. అదంతా అయ్యాక పిల్ల. అప్పటికి పిల్ల ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లి నిద్రపోయి ఉండేది. పాలు లోపలే రాయిలా గడ్డకట్టుకునేవి.

తొలికాన్పుకి కనిగిరిలో పుట్టింటికి వెళ్ళిన పిల్లని మూడో నెలలో తీసుకురావడం ఆనవాయితీ. ఆ ఏడు, అంటే తొంభై తొమ్మిదిలో, పత్తిని శనగపచ్చ పురుగు తినేసింది. ఇక ఆశంతా మిరప మీదే. కోతలు కూడా ముందే అందాయి. కూలితో పాటు మధ్యాహ్నం అన్నం కూడా పెడతామని మాటిచ్చి పై ప్రాంతం నుంచి ముఠాని తెచ్చారు. ఇంట్లో వండేవాళ్ళు లేరని బిందు భర్త కోటేష్ నెలన్నరకే జీపు మాట్లాడుకుని కనిగిరి వచ్చాడు. దారి పొడుగునా మంచిగానే ఉన్నాడు. పిల్లని ఒళ్ళో పెట్టుకున్నాడు కూడా. మార్టూరు దాటి, రాళ్ళ లారీలు దుమ్ము లేపుకుంటూ పోయే రోడ్డు వదిలి ఊళ్ళోకి మలుపు తిరుగుతున్నప్పుడు మాత్రం, “నీకేం పనుండదులే, కాస్త వండి పెడితే చాలు” అన్నాడు.

ఆ “కాస్త”లో ఒక ముఠా మొత్తానికి వంట ఉంది. వంట తర్వాత గిన్నెలున్నాయి. గిన్నెల తర్వాత కల్లంలో తాలుకాయలు ఏరడం ఉంది, ఖాళీగా కూర్చుంటే బావుండదు గనక. ఏరి వచ్చాక చేతులు మంట. ఆ ఘాటు పిల్ల నోటికి అంటుతుందని బిందు చేతుల్ని మజ్జిగతో కడిగి, సబ్బుతో కడిగి, మళ్ళీ మజ్జిగతో కడిగి అప్పుడు పాలకి కూర్చునేది. “పాలియ్యడానికి ఇంత తతంగమా? మేం నాటేసి వచ్చి గట్టు మీద కూర్చుని ఇచ్చాం” అనేది బసవమ్మ. బిందు బదులు చెప్పేది కాదు. బైపీసీలో మంచి మార్కులతో ఇంటర్ పాసై, డిగ్రీలో చేరాలని చేతిలో దరఖాస్తు పట్టుకుని తిరిగిన పిల్ల ఆమె. ఈ ఇంట్లో రెండేళ్ళుగా ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. అడగకూడదని ఎవరూ అనలేదు. అడిగితే జవాబు రాదని తెలిసిపోయింది, అంతే.

ఎడమ రొమ్ములో ముందు చిన్న గట్టిదనం. మర్నాటికి ఎర్రగా కమిలింది. ఆ సాయంత్రానికి చలిజ్వరం వచ్చి పళ్ళు టకటకలాడుతుంటే కూడా రుబ్బురోలు ముందు నుంచి లేవలేదు. ఊళ్ళో ఆర్‌ఎంపీ చెంచయ్య వచ్చి చూసి పెన్సిలిన్ ఇంజెక్షన్ చేశాడు. ఆంపిసిలిన్ గొట్టం మాత్రలిచ్చి, “టైము తప్పకుండా మింగమ్మా, మధ్యలో ఆపొద్దు” అని మరీ మరీ చెప్పాడు. బిందు తప్పలేదు. పొయ్యి మీద చారు పొంగుతున్నా వదిలేసి వచ్చి మింగింది. జ్వరం తగ్గలేదు. చెంచయ్య ఇంకా పెద్ద మోతాదు రాశాడు. అదీ మింగింది. గడ్డ నిమ్మకాయంత అయింది. చర్మం పలచబడి మెరవడం మొదలెట్టింది.

అప్పుడు మొదలయ్యాయి మాటలు. కోటేష్ గడపలో నిలబడి, “మాత్రలు మింగుతున్నావా, పెరట్లో పారేస్తున్నావా? మందేస్తే తగ్గకపోవడమేంటి?” అన్నాడు. పక్కింటావిడ, “కొందరి ఒళ్ళంతేలే, మందులు కూడా ఒప్పవు” అంది. “చన్నీళ్ళలో చెయ్యి పెట్టుంటది, పుట్టింటోళ్ళు పథ్యం నేర్పలేదు” అని ఇంకెవరో అన్నారు. బిందు అవన్నీ విని, చివరికి తన మీద తనకే అనుమానం తెచ్చుకుంది. ఏ పూటైనా మర్చిపోయానా? మజ్జిగ తాగాక మింగకూడదేమో? ఒకరు అనుకుంటే కొట్టిపారెయ్యచ్చు. ఇల్లంతా అనుకుంటే అది నిజమని మన లోపల కూడా ఎవరో ఒప్పేసుకుంటారు.

బసవమ్మ మాత్రం మాత్రల సంగతి ఎత్తలేదు. ఆవిడ పట్టింపు వేరు. బిందు నొప్పి ఓర్చుకుని పిల్లని ఎడమ పక్కకి తిప్పబోతే, పరుగున వచ్చి పిల్లని లాక్కున్నంత పని చేసేది. “ఆ పక్క ఇయ్యమాక! అది విషం. చెప్తుంటే ఇనపడదా నీకు?” ఆ గొంతులో కోపం కాకుండా ఇంకేదో వణుకు ఉండేది. బిందు దాన్ని కోపమనే అనుకుంది. మార్టూరు నుంచి పాలడబ్బా తెప్పించారు. పిల్ల ఆ పాలు కక్కేసింది.

చివరికి చెంచయ్యే తల పట్టుకున్నాడు. “నా చేతిలో ఉన్నవన్నీ వాడాను బసవమ్మగారూ. ఇది నా వల్ల కాదు. ఇవాళే గుంటూరు తీసుకెళ్ళండి, చీము పట్టేసింది” అని కుండబద్దలు కొట్టాడు. తన వల్ల కాదని ఒప్పుకునే వైద్యుడు దొరకడం ఎంత అదృష్టమో బిందుకి తర్వాత తెలిసింది. ఆ ఒక్క మాటకి ఆయన్ని ఎప్పటికీ తల్చుకుంటుంది. కోతలు వదిలి రాలేనని కోటేష్ అన్నాడు. అత్తాకోడళ్ళూ పిల్లా బస్సెక్కారు. మరి కల్లంలో వంటో? ముఠాలోనే ఒకామె, “ఒక మనిషి కూలి లెక్కేసిస్తే నేనే వండుతాను, దానికేంది” అంది. అంత తేలిక దారి నెల కిందట ఎవరికీ తట్టలేదు.

గుంటూరు ఆసుపత్రిలో ఆడవాళ్ళ వార్డు. పెద్ద డాక్టరమ్మ చూసిన వెంటనే థియేటర్‌కి పంపింది. మత్తిచ్చి, గడ్డ కోసి చీము తీసి, అందులో కొంచెం ల్యాబుకి పంపారు. ఆ పూట బిందుకి తెలివి లేదు. డబ్బా పాలు చూస్తేనే పిల్ల మొహం తిప్పుకుని ఏడుస్తోంది. పక్క మంచం మీద సర్దార్‌బీ అనే ఆవిడ ఉంది. గుంటూరులోనే మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్తుంది, కాన్పయి నాలుగు రోజులైంది. ఆవిడ కాసేపు చూసి, “ఇటియ్యి పెద్దమ్మా, నాకు పాలు పొర్లిపోతున్నాయి” అని చేతులు చాపింది. బసవమ్మ ఒక్క క్షణం కూడా తటపటాయించలేదు. పిల్లని ఆ చేతుల్లో పెట్టేసి, పక్కనే నేల మీద చతికిలబడి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఈ సంగతి తెలివొచ్చాక బిందుకి సర్దార్‌బీయే చెప్పింది. “మీ అత్త ఏడ్చింది తెలుసా? మనవరాలు గుటకేసినప్పుడల్లా ఏడ్చింది.” బిందు నమ్మలేదు. పిల్ల బుగ్గ మీద ఇంకా ఆరని పాల చార చూసి మాత్రం, సర్దార్‌బీ చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది. “పోనీలే చెల్లే, నీ పిల్ల ఇప్పుడు మావాడికి అక్క” అని నవ్వింది ఆవిడ.

రెండ్రోజుల తర్వాత ల్యాబు నుంచి ఒక డాక్టరమ్మ వచ్చింది. పేరు ఫెబా. చిన్న వయసే. సూక్ష్మజీవుల మీద పై చదువు చదువుతోందట. మెళ్ళో సన్నటి గొలుసు, తెల్లకోటు జేబులో పెన్నులు. మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుని, “బిందుమాధవి గారూ, మీరు ఇక్కడికి రాకముందు ఏ మందులు వాడారో కాస్త చెప్తారా?” అంది.

గారూ. మీరు. పెళ్ళయిన దగ్గర్నుంచీ తనని ఆ రెండు మాటలతో పిలిచినవాళ్ళు లేరు. బిందు మందుల పేర్లు చెప్పింది. “ఒక్క పూట కూడా మానలేదండీ. నిజంగా మానలేదు. ఒట్టు.”

ఫెబా రాస్తున్నది ఆపింది. “మానారని నేననలేదే?”

“అందరూ అంటున్నారండీ.”

ఫెబా పెన్ను జేబులో పెట్టేసింది. “నడవగలరా? పక్కనే. ఒకటి చూపిస్తాను.”

బసవమ్మ ఒక చెయ్యి పట్టుకుంది. పిల్లలిద్దర్నీ తనకి తోడుగా వచ్చిన తల్లికి అప్పజెప్పి సర్దార్‌బీ కూడా “నేనూ చూస్తా” అని తోడొచ్చింది. వరండా చివర ల్యాబు. ఫెబా చేతిలో మూతున్న గాజు పళ్ళెం, మన అప్పడమంత. అందులో జావ గడ్డకట్టినట్టు ఒక పొర. దాని మీద మసకగా పరుచుకున్న పూత. అక్కడక్కడా చిన్న కాగితపు బిళ్ళలు.

“ఈ మసక పూతే మీ గడ్డలో పెరిగిన సూక్ష్మజీవి. ఈ బిళ్ళలు మందులు. పనిచేసే మందు చుట్టూ ఏదీ పెరగదు, ఖాళీగా ఒక వలయం కనపడుతుంది. ఇదిగో, ఈ బిళ్ళ చుట్టూ చూడండి, తేటగా ఉంది. ఇప్పుడు ఇది చూడండి, పెన్సిలిన్.” ఆ బిళ్ళ అంచు దాకా మసక పూత పాకి ఉంది. అక్కడ మందనేదే లేనట్టు పెరిగింది. “ఆంపిసిలిన్ కూడా ఇదే జాతి. మీరు టైముకి మింగారు. మీ ఒళ్ళు దాన్ని గడ్డ దాకా చేర్చింది. అక్కడ ఇది దాన్ని విరిచేసింది.”

“విరిచెయ్యడమేందమ్మా?” అంది బసవమ్మ.

ఫెబా ఆవిడకి కూడా అంతే ఓపిగ్గా చెప్పింది. “ఈ పురుగు తన చుట్టూ గోడ కట్టుకుని బతుకుతుందండీ. పెన్సిలిన్ వెళ్ళి ఆ గోడ కట్టే చేతుల్ని పట్టేస్తుంది. గోడ ఆగిపోతుంది, పురుగు పగిలి చస్తుంది. అయితే పెన్సిలిన్ జాతి మందులన్నిటికీ నడుమ ఒక చిన్న చదరపు కట్టుంటుంది. వాటి బలమంతా అందులోనే. ఈ పురుగు ఒక ఎంజైమ్ తయారు చేసి బయటికి వదులుతుంది. బీటా లాక్టమేజ్ అంటాం. అది వెళ్ళి ఆ కట్టుని పుటుక్కున తెంపేస్తుంది. తెగిన మందు ఇక మందు కాదు. ఒకదాన్ని తెంపి ఊరుకుంటుందా అంటే, లేదు. ఎంజైమ్ అరిగిపోదు. మళ్ళీ ఇంకోదాని మీద పడుతుంది. ఎన్ని మింగినా అంతే.”

బిందుకి కాలేజీలో బోర్డు మీద గీసిన బొమ్మలు లీలగా కదిలాయి. నోరు దానంతటదే తెరుచుకుంది. “దానికా ఎంజైమ్ ఎలా వచ్చిందండీ? పుట్టుకతోనేనా?”

అడిగేశాక భయపడింది. ఫెబా కళ్ళు మాత్రం మెరిశాయి. “మంచి ప్రశ్న. పెన్సిలిన్ వచ్చిన కొత్తలో ఈ జాతిలో చాలా వాటికి ఈ విద్య రాదు. ఎక్కడో కొన్నిటికే ఉండేది. మందు వాడే కొద్దీ విద్య లేనివి చచ్చాయి, ఉన్నవి మిగిలాయి, పెరిగాయి. పైగా ఆ విద్యని తమ పిల్లలకే కాదు, పక్కనున్నవాటికి కూడా అందించగలవు. ఇప్పుడు మేం చూసే వాటిలో చాలా భాగం ఇలాంటివే. కాబట్టి బిందుమాధవి గారూ, మీరు ఎలా మింగినా, ఏం తిన్నా, చన్నీళ్ళు ముట్టుకున్నా ముట్టుకోకపోయినా, ఆ మందుతో ఇది తగ్గేది కాదు. ఇందులో మీ తప్పేం లేదు.”

ఆ చివరి మాట చాలా మామూలుగా అంది. కిటికీ రెక్క వేస్తున్నట్టు, ఇంకో పనిలో పడిపోతూ అంది. బిందు మాత్రం ఆ మాటని లోపల మళ్ళీ మళ్ళీ అనుకుంది. తప్పు లేదు. తను సోమరి కాదు, అబద్ధాలకోరు కాదు, మందులు ఒప్పని దిక్కుమాలిన ఒళ్ళూ కాదు తనది. ఇన్నాళ్ళుగా మోస్తున్నదేదో దించినట్టయింది. అది ఎంత బరువో దించాకే తెలిసింది.

“మరిప్పుడు ఇస్తున్న మాత్రలు?” అంది సర్దార్‌బీ.

“అందులో రెండు మందులున్నాయి. ఒకటి పాత జాతిదే. దానికి తోడుగా ఇంకొకటి. అది నేరుగా పురుగుని చంపదు. ఎంజైమ్‌కి తనే ఎదురెళ్ళి చిక్కుకుని, దాన్ని పట్టుకుని వదలదు. ఈలోగా మొదటి మందు తన పని తను చేసుకుంటుంది.”

సర్దార్‌బీ ఫక్కున నవ్వింది. “అంటే ఆ రెండోది ఇంటి కోడలన్నమాట. అడ్డం పడి తను పోద్ది, పేరేమో మొదటోడికి!”

ఫెబా కూడా నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, “అది మందు సర్దార్‌బీ, దాని పనే అది. మనుషులకి ఆ పని పెట్టకూడదు” అంది. బిందు వైపు తిరిగింది. “అసలు పాలు ఎందుకు గడ్డకట్టాయో తెలుసా? పిల్ల అడిగినప్పుడు తాగనివ్వకపోతే నిలిచిపోతాయి. చనుమొన పగుల్లోంచి పురుగు దూరుతుంది. మీకు టైమెవరిచ్చారు చెప్పండి? ఇకనైనా పిల్ల ఏడ్చినప్పుడు చేతిలో ఏ పనున్నా వదిలెయ్యండి. గాయానికి కట్టు ఉన్న చోట పిల్ల నోరు తగలకుండా ఈ పక్క కూడా ఇవ్వచ్చు. నొప్పి అనిపిస్తే పిండెయ్యండి. పాలు మాత్రం ఆపొద్దు.”

“ఈ పక్క పాలా?” అంది బసవమ్మ. “విషం కదా తల్లీ?”

“ఎవరు చెప్పారండీ?”

“మా అత్త.”

బసవమ్మ గోడకి ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చుంది. ఎప్పుడూ నడుం వంచకుండా, ఇంటి మధ్యలో స్తంభంలా నిలబడే మనిషి. బిందు కంగారుపడింది. ఫెబా మోకాళ్ళ మీద కూర్చుని ఆవిడ చెయ్యి పట్టుకుంది.

“నాకు కోటేష్ కంటే ముందు ఒక పిల్ల పుట్టిందమ్మా” అంది బసవమ్మ, నేల చూస్తూ. “నాకూ ఇట్టాగే గడ్డ లేచింది. రెండు పక్కలా పాలు పొంగుతుండంగానే, నీ పాలు విషం, బిడ్డని చంపుతావే అని మా అత్త లాగేసుకుంది. నీళ్ళు కలిపిన బర్రెపాలు పోశారు. పిల్లకి విరేచనాలు పట్టుకున్నయ్యి. ఆగలా. నేను పాలిస్తానని ఏడిస్తే మా ఆయన యలమందయ్య తలుపు గడేశాడు. పిల్ల పోయింది. పోయాక, అంతకుముందు తాగిన నీ పాలే చంపినయ్యి అన్నారు. నేనూ అట్టాగే అనుకున్నా. ఇన్నేళ్ళూ అట్టాగే అనుకున్నా.” తలెత్తింది. “నా పాలు విషం కాదా తల్లీ?”

ఫెబా వెంటనే ఏదో ఓదార్పు మాట అనేయలేదు. అందుకు కూడా బిందు ఆమెని గౌరవించింది. “అప్పుడు ఏం జరిగిందో నేను చూడలేదు పెద్దమ్మా, చూడనిది చెప్పలేను. కానీ ఒకటి చెప్పగలను. గడ్డ లేచినంత మాత్రాన తల్లి పాలు విషం కావు. బిడ్డకి కడుపు చెడేది ఎక్కువగా శుభ్రం లేని పాలూ నీళ్ళ వల్ల. మీ పాలు ఆపకుండా ఉండాల్సింది. ఆపింది మీరు కాదు.”

బసవమ్మ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. ఫెబా ఆ చేతుల్ని దించి తన చేతుల్లో పెట్టుకుంది. అలా ఎంతసేపు కూర్చున్నారో. ఎవరో నర్సు తలుపు తోసి, చూసి, చప్పుడు చెయ్యకుండా వెళ్ళిపోయింది.

ఆ వణుకేమిటో బిందుకి అప్పుడు అర్థమైంది. పిల్లని లాక్కున్నప్పుడల్లా ఆవిడ చూసింది తనని కాదు, ముప్పై ఏళ్ళ కిందటి ఇంకో పిల్లని. అలాగని గంజి వంచేటప్పుడు విన్న మాటలు, చలిజ్వరంలో రుబ్బిన పిండి ఒక్క దెబ్బకి మాసిపోలేదు. బిందు దేవత కాదు. ఈవిడ తన మీద పెట్టిన బరువు ఎక్కడి నుంచి వచ్చిందో కనపడింది, అంతే. చేతి నుంచి చేతికి అందిస్తూ వచ్చారు. ఎవరో ఒకరు తీసుకోవడం మానాలి.

మాత్రలు పనిచేశాయి. జ్వరం ఎక్కడికి పోయిందో పోయింది. గాయం అడుగు నుంచి పూడుకుంటూ వచ్చింది. వెళ్ళే రోజు ఫెబా వార్డుకి వచ్చి, కోర్సు చివరిదాకా వాడమని, తగ్గిందని మధ్యలో ఆపొద్దని చెప్పి, “మళ్ళీ చదువుకోకూడదా బిందుమాధవి గారూ? మీరడిగిన ప్రశ్న మా జూనియర్లు కూడా అడగరు” అంది. బిందు నవ్వి ఊరుకుంది గానీ ఆ మాటని జాగ్రత్తగా లోపల పెట్టుకుంది. సర్దార్‌బీ పిల్ల నుదుటి మీద ముద్దుపెట్టి పంపింది.

బస్సు చిలకలూరిపేట దాటింది. రోడ్డుకి రెండు పక్కలా కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. కిటికీలోంచి ఘాటు వచ్చి అందరూ తుమ్ముతున్నారు. బసవమ్మ పిల్లకి కొంగు కప్పి పట్టుకుంది.

“అత్తయ్యా, ఆ పాపకి పేరు పెట్టారా?” అని అడిగింది బిందు.

బసవమ్మ పిల్ల మీది కొంగు సర్దింది. “ఆడపిల్లకి పేరుకేం తొందర అన్నారు. పెట్టకుండానే పోయింది. నేను మాత్రం ఎవరూ లేనప్పుడు రాజ్యం అని పిలుచుకునేదాన్ని.” ఆ పేరు పైకి అనడం అదే మొదటిసారి కాబోలు. అని, తన గొంతే తనకి కొత్తగా ఉన్నట్టు పెదాలు తడుముకుంది. “నువ్వు అడిగావు. ఎవరూ అడగలా.”

బిందు ఆవిడ భుజానికి తల ఆనించింది. అలా ఎప్పుడూ ఆనించలేదు. అలా ఆనించొచ్చని కూడా అనుకోలేదు. బతికి ఇంటికి వెళ్తున్నందుకు, ఒళ్ళో పిల్ల బతికినందుకు, పక్కన ఈ మనిషి ఇలా కూర్చున్నందుకు కళ్ళు నిండాయి. లోకంలో ఎవరెవరో, ఏ బంధుత్వమూ లేనివాళ్ళు, తన కోసం అంతంత చేశారు. ఒకరు చేతకాదని నిజం చెప్పారు. ఒకరు పాలిచ్చారు. ఒకరు కూర్చుని అర్థమయ్యేలా చెప్పారు. ఇంత మంచి తనకి జరిగిందని, ఇందుకు తను తగినదేనని మొదటిసారి అనిపించింది.

ఇంటికొచ్చిన సాయంత్రం కోటేష్ పిల్లని ఎత్తుకుని ముద్దాడాడు. బిందుని ఎగాదిగా చూసి, “చిక్కిపోయావు. ఆ మాత్రలేవో మొదట్లోనే సరిగ్గా వేసుకునుంటే ఇంత దూరం వచ్చేది కాదుగా” అన్నాడు. అతనికది ప్రేమగా అన్న మాటే.

ఇదివరకైతే బిందు తల దించుకునేది. “ఈ ఏడు పత్తికి మీరు మందు సరిగ్గా కొట్టలేదాండీ?” అంది.

అతనికి పౌరుషమొచ్చింది. “ఎవరే అంది? డబ్బా మీద డబ్బా కొట్టా. నడుములు పడిపోయేట్టు కొట్టా. ఆ పురుగుకి మందు ఎక్కకపోతే నేనేం చేస్తా?”

“నాకూ అంతేనండీ.”

ఆ తర్వాత ఆమె ఫెబా చెప్పినదంతా చెప్పింది. గోడ, కట్టు, తెంపే ఎంజైమ్. అతను అరుగు మీద కూర్చుని విన్నాడు. మధ్యలో ఒకటి రెండు అడిగాడు కూడా. చివరికి, “మరి ముందే చెప్పొచ్చుగా, అన్నేసి మాటలు పడే బదులు” అన్నాడు, ఎటో చూస్తూ. అది అతని క్షమాపణ. పూర్తిగా సరిపోదు గానీ, బిందు దాన్ని ఉన్నంత మేరకు తీసుకుంది.

మర్నాడు కోతలో ఆఖరి రోజు, ముఠాకి ఇంటి దగ్గరే బువ్వ. ముఠాలో ఆమే అన్నం వండేసి, డేగిసాలు వంటింట్లో దించి వెళ్ళింది. గదిలో నులకమంచం మీద బిందు పిల్లని ఎడమ పక్కకి తిప్పుకుంది. కట్టు పక్క నుంచి దారి చేసుకుని, కాస్త తడబడి, పిల్ల అందుకుంది. మొదట నొప్పి, ఆ తర్వాత నరాలన్నీ తేలికపడినట్టు పాలు. ఎదురుగా పీట మీద బసవమ్మ రెప్ప వెయ్యకుండా చూస్తోంది. పిల్ల గొంతు కదిలినప్పుడల్లా ఆవిడ గొంతు కూడా కదులుతోంది.

వాకిట్లో సందడి. బువ్వకొచ్చిన కూలీలు అరుగు మీద వరసగా కూర్చుంటున్నారు. కోటేష్ కేక వినపడింది. “అందరూ వచ్చారు. వడ్డించేవాళ్ళు లేరా ఈ ఇంట్లో?”

బసవమ్మ మోకాళ్ళ మీద చేతులానించి లేవబోయింది. అది ఆవిడ లేవడం కాదు, ముప్పై ఏళ్ళ అలవాటు లేవడం. బిందు చెయ్యి చాపి ఆవిడ మోకాలి మీద పెట్టింది.

“కూర్చోండత్తయ్యా.”

తర్వాత గొంతెత్తింది. ఆ గొంతు వాకిలి దాకా వెళ్ళడం అదే మొదలు.

“మేమిద్దరం పని మీదున్నామండీ. గరిటె డేగిసా పక్కనే ఉంది, మీరు వడ్డించండి.”

పిల్ల గుటకలేస్తూనే ఉంది. కాసేపటికి వంటింట్లో డేగిసా మూత తీసిన చప్పుడైంది.